పచ్చళ్ళు, పాలు, పండ్ల గుజ్జు నిల్వ పాత్రలకు తగిన స్టెయిన్‌లెస్ స్టీలు రకాల ఎంపిక

ఆహార శుద్ధి రంగంలోకి అడుగుపెడుతున్న రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, స్వయం సహాయక బృందాలు యంత్ర సామగ్రి కొనుగోలుకు ధరల పట్టికలు తెప్పించుకున్నప్పుడు వాటిలో తరచుగా కనిపించే మాట ‘ఫుడ్ గ్రేడ్ స్టీలు’. ఈ మాట వినడానికి భరోసా ఇస్తుంది గాని, లోహశాస్త్ర పరంగా దీనికి నిర్దిష్టమైన అర్థం లేదు. 304, 316, 430, 202 రకాలన్నింటినీ ఏదో ఒక ఆహార పదార్థానికి వాడవచ్చు. అదే విధంగా వీటిలో ప్రతి రకమూ ఏదో ఒక ఆహార పదార్థం చేతిలో చెడిపోగలదు. అందువల్ల అడగవలసిన ప్రశ్న ‘ఇది ఫుడ్ గ్రేడా, కాదా’ అన్నది కాదు. ఏ పదార్థాన్ని, ఎంత ఉష్ణోగ్రత వద్ద, ఎంత కాలం, దేనితో కడుగుతూ ఈ పాత్రలో ఉంచబోతున్నారు అన్నదే అసలు ప్రశ్న.

2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల క్రమబద్ధీకరణ పథకం కింద అర్హమైన యూనిట్లకు వ్యయంలో 35 శాతం మేరకు రుణంతో ముడిపడిన రాయితీ లభిస్తున్నది. వ్యక్తిగత యూనిట్లకు దీని గరిష్ఠ పరిమితి 10 లక్షల రూపాయలు. మిగిలిన సొమ్ములో అధిక భాగం బ్యాంకు అప్పే. ఆ అప్పు తీరకముందే తొట్టి అడుగున చిల్లులు పడితే నష్టం సభ్యులది. తుప్పు దిగిన సరుకు మార్కెట్లో తిరస్కరణకు గురైతే నష్టం అంతకు మించుతుంది. స్టీలు ఎంపికపై సలహా కోసం సంఘాలు ముందుగా వచ్చేది కృషి విజ్ఞాన కేంద్రాలకు, ఏరువాక కేంద్రాలకు కనుక, విస్తరణ శాస్త్రవేత్తలకు ఈ విషయంలో కనీస లోహ పరిజ్ఞానం అవసరం.

ప్యాకేజింగ్‌లో స్టెయిన్‌లెస్ స్టీలు స్థానం

వినియోగదారుని చేతికి చేరే లోహపు డబ్బాలు సాధారణంగా స్టెయిన్‌లెస్ స్టీలువి కావు. అవి తగరపు పూత వేసిన పలుచని ఉక్కు రేకుతో గాని, క్రోమియం పూత రేకుతో గాని, అల్యూమినియంతో గాని తయారవుతాయి. లోపలి వైపు చాలా వరకు లక్క పూత ఉంటుంది. ఒకసారి వాడి పారవేసే డబ్బాకు స్టెయిన్‌లెస్ స్టీలు ఖరీదు గిట్టుబాటు కాదు. ఇది పదేపదే వాడే పాత్రల లోహం. పాల క్యాన్లు, పాలను తరలించే ట్యాంకర్లు, గుజ్జు నిల్వ తొట్లు, నూనె పీపాలు, తేనె డ్రమ్ములు, బల్క్ కూలర్లు దీనికి సరైన స్థానాలు. ఇవన్నీ పదార్థాన్ని గంటలు మొదలుకొని నెలల వరకు తమలో ఉంచుకునే ప్యాకేజీలే. పైగా ఒక డబ్బాలోని లోపం ఆ డబ్బాతో పోతుంది. తిరిగి వాడే పాత్రలోని లోపం ప్రతి విడత సరుకునూ తాకుతుంది.

ఉక్కును కాపాడే పొర

ఇనుములో కనీసం 10.5 శాతం క్రోమియం కలిసినప్పుడు ఆ మిశ్రలోహాన్ని స్టెయిన్‌లెస్ స్టీలు అంటారు. క్రోమియం గాలిలోని ప్రాణవాయువుతో కలిసి ఉపరితలంపై కొన్ని నానోమీటర్ల మందం మాత్రమే గల ఆక్సైడు పొరను ఏర్పరుస్తుంది. పొర కంటికి కనబడదు. గీత పడినా, రాపిడికి లోనైనా, ప్రాణవాయువు అందుతున్నంత వరకు తనంతట తానే తిరిగి ఏర్పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు బలమంతా ఈ పొరదే. రంగు గాని, తగరం గాని పూత పూసినప్పుడు పూత ఊడితే ఉక్కు బయటపడుతుంది. ఇక్కడ ఊడడానికి పూత లేదు.

ఈ పొరకు ప్రధాన శత్రువు క్లోరైడు అయాను, అనగా మనం వంటలో వాడే ఉప్పులోని భాగమే. ఇది పొరను అంతటా సమానంగా కరిగించదు. ఏదో ఒక బలహీన బిందువు వద్ద చొచ్చుకొనిపోతుంది. అక్కడ ఏర్పడిన సూక్ష్మమైన గుంటలో ప్రాణవాయువు అందదు, ఆమ్లత పెరుగుతుంది, మరిన్ని క్లోరైడు అయాన్లు లోనికి చేరుతాయి. దానితో గుంట లోతుగా సాగుతుంది. దీనినే గుంటల తుప్పు అంటారు. చుట్టూ పాత్ర మెరుస్తూనే ఉంటుంది, సూదిమొన అంత చోట మాత్రం రేకు తూట్లు పడుతుంది. మూత అంచు కింద, రబ్బరు వాషరు కింద, పూర్తిగా నిండని అతుకులో ఇదే ప్రక్రియ మరింత సులువుగా జరుగుతుంది. అది సందు తుప్పు. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ పైన, లోహంలో వంపు వల్లనో వెల్డింగు వల్లనో మిగిలిపోయిన ఒత్తిడి ఉన్నప్పుడు, క్లోరైడు 304, 316 రకాలలో సన్నని పగుళ్ళను కూడా కలిగిస్తుంది.

ఆమ్లం ఒక్కటే ఉన్నప్పుడు పరిస్థితి ఇంత తీవ్రంగా ఉండదు. నిమ్మరసం, పండ్ల గుజ్జు, వెనిగరు వంటి ఉప్పు లేని పదార్థాలను 304 రకం తేలికగానే భరిస్తుంది. పుల్లని పదార్థమంతా స్టీలును తింటుందన్న అభిప్రాయం ఇనుము, ఇత్తడి, కళాయి లేని రాగి పాత్రల కాలం నుండి వచ్చినది. స్టెయిన్‌లెస్ స్టీలు విషయంలో పులుపు కంటె ఉప్పునే ముందుగా చూడాలి. పులుపు, ఉప్పు, వేడి మూడూ కలిసిన చోట మాత్రం ఏ రకానికైనా గట్టి పరీక్షే.

రకాల పరిచయం

304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. పాత్రల మీద కనిపించే 18/8 అన్న అంకెలు ఇవే. నికెల్ లోహానికి ఆస్టెనైటిక్ నిర్మాణాన్ని ఇస్తుంది. లోతుగా సాగదీసి పాత్రగా మలచడానికి, వెల్డింగుకు అనువైన గుణం దీని వల్ల వస్తుంది. 304ఎల్ రకంలో కర్బనం 0.03 శాతానికి మించదు. 316 రకంలో క్రోమియం 16 నుండి 18 శాతం, నికెల్ 10 నుండి 14 శాతం, వీటికి తోడు 2 నుండి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది. క్లోరైడును ఎదుర్కొనే అదనపు శక్తి ఈ మాలిబ్డినం నుండే లభిస్తుంది.

430 రకం ఫెరిటిక్ తరగతికి చెందినది. క్రోమియం 16 నుండి 18 శాతం, నికెల్ దాదాపు శూన్యం. అయస్కాంతానికి అంటుకుంటుంది. పొడి సరుకుల డబ్బాలకు, మూతలకు, బల్లలకు ఇది చవకైన, నమ్మదగిన లోహం. మందపాటి రేకుల్లో వెల్డింగు చేసినప్పుడు అతుకు పెళుసుబారుతుంది కనుక పెద్ద తొట్లకు దీనిని వాడరు. 2205 అనే డ్యూప్లెక్స్ రకంలో క్రోమియం సుమారు 22 శాతం, నికెల్ 5 శాతం, మాలిబ్డినం 3 శాతం, కొద్దిగా నత్రజని ఉంటాయి.

గుంటల తుప్పును ఎదుర్కొనే శక్తిని స్థూలంగా పోల్చడానికి ఒక సూత్రం వాడుకలో ఉన్నది. క్రోమియం శాతానికి, మాలిబ్డినం శాతాన్ని 3.3తోను, నత్రజని శాతాన్ని 16తోను హెచ్చించి కలపాలి. ఈ లెక్కన 430కి సుమారు 17, 304కి 19, 316కి 24 లేదా 25, 2205కి 35 వస్తాయి. ఒకే కుటుంబంలోని రకాలను పోల్చడానికి ఇది పనికివస్తుంది. నత్రజని ఎక్కువగా కలిపిన చవక రకాలకు ఈ సూత్రం ఉన్నదానికంటె మెరుగైన అంకె ఇస్తుంది గనుక, ఈ సంఖ్య ఒక్కటే చూసి కొనుగోలు నిర్ణయం తీసుకోరాదు.

క్లోరైడు లెక్క

పరిశ్రమలో వాడుకలో ఉన్న స్థూల ప్రమాణం ప్రకారం, గది ఉష్ణోగ్రత వద్ద, తటస్థమైన నీటిలో, 304 రకం లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాముల క్లోరైడు వరకు, 316 రకం సుమారు 1000 మిల్లీగ్రాముల వరకు సందు తుప్పుకు లోనుకాకుండా దీర్ఘకాలం నిలుస్తాయి. వేడి పెరిగినా, ఆమ్లత పెరిగినా ఈ హద్దులు తగ్గుతాయి. పాత్రను వెంటనే ఖాళీ చేసి కడిగి ఆరబెడితే హద్దు దాటినా చాలాసార్లు ప్రమాదం ఉండదు.

ఇప్పుడు పచ్చడి సంగతి చూడాలి. ఉప్పునీటిలో నిల్వ చేసే ఊరగాయలలో సోడియం క్లోరైడు 12 శాతానికి తగ్గరాదని మన ఆహార ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. సోడియం క్లోరైడు బరువులో క్లోరైడు వాటా సుమారు 60.7 శాతం. అంటే 12 శాతం ఉప్పు గల ద్రవంలో కిలోకు దాదాపు 73,000 మిల్లీగ్రాముల క్లోరైడు ఉంటుంది. సముద్రపు నీటిలో ఉండేది సుమారు 19,000 మాత్రమే. ఊరగాయ ద్రవం సముద్రపు నీటికి దాదాపు నాలుగు రెట్లు. దానికి మామిడి పులుపు తోడవుతుంది, నిల్వ కాలం నెలల్లో ఉంటుంది. 316 హద్దుకు ఇది 70 రెట్లకు పైబడి ఉన్నది. సముద్రపు నీటిలోనే 316 రకం పాత్రలు గుంటలు పడతాయన్నది తెలిసిన విషయమైనప్పుడు, ‘పచ్చడికి 316 వాడితే సరిపోతుంది’ అన్న సలహా ఎంత బలహీనమైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఆవకాయకు, మాగాయకు తెలుగు ఇళ్ళలో జాడీ వాడడం కేవలం ఆచారం కాదు. మెరుగు పెట్టిన పింగాణీకి క్లోరైడుతో చర్య లేదు. వాణిజ్య స్థాయిలో దాని స్థానాన్ని ఆహార యోగ్యమైన అధిక సాంద్రత పాలీఇథిలీన్ డ్రమ్ములు, గాజు సీసాలు భర్తీ చేస్తాయి. ఊరబెట్టే దశకు, నిల్వకు స్టెయిన్‌లెస్ స్టీలు కొనకపోవడమే మంచి ఎంపిక. ముక్కలు కోసే యంత్రం, కారం, ఆవపిండి కలిపే యంత్రం, సీసాలు నింపే గరాటు వంటి చోట్ల మాత్రం పదార్థం నిమిషాలో గంటలో ఉండి వెళ్ళిపోతుంది. పని ముగిసిన వెంటనే కడిగే పక్షంలో అక్కడ 316ఎల్ వాడడం సమంజసం. కలిపిన పచ్చడిని రాత్రంతా ఆ పాత్రలోనే వదిలివేయడం వల్లనే చాలా నష్టాలు జరుగుతాయి. ద్రవం పైభాగం గాలిని తాకే గీత వెంబడి, పాత్ర గోడ మీద తుప్పు ముందుగా కనిపిస్తుంది. పైన నూనె తేలి ఉన్నా ముక్కల నుండి ఊరిన నీరు అడుగున లోహాన్ని తాకుతూనే ఉంటుంది.

ఉప్పు కలిపిన చింతపండు గుజ్జుకు, ఉప్పు చేపలకు, రొయ్యల పచ్చడికి ఇదే నియమం వర్తిస్తుంది. చింతపండు గుజ్జులో ఉప్పు కలపని పక్షంలో 304ఎల్ కూడా సరిపోతుంది.

పాలు

పాలలో లీటరుకు సుమారు 1000 మిల్లీగ్రాముల క్లోరైడు ఉంటుంది. పై లెక్క ప్రకారం 304 రకం పాలకు పనికిరాకూడదు. కాని ప్రపంచమంతటా పాల పరిశ్రమ నడుస్తున్నది 304 మీదనే. పాలు దాదాపు తటస్థమైనవి, వాటి ఉదజని సూచిక 6.6 నుండి 6.8 వరకు ఉంటుంది. క్యాన్లో పాలు ఉండేది కొద్ది గంటలే, బల్క్ కూలర్లో చల్లగా ఉంటాయి. ప్రోటీన్లు లోహంపై పలుచని పొరగా చేరి తుప్పును కొంత అడ్డుకుంటాయి. అన్నిటికీ మించి, ప్రతి విడత తరువాత పాత్రను కడుగుతారు. స్థూల ప్రమాణాలను యాంత్రికంగా అన్వయించరాదని చెప్పడానికి పాల కంటె మంచి ఉదాహరణ లేదు.

పాల క్యాన్లు చెడిపోవడానికి పాల కంటె వాటిని కడిగే పద్ధతే తరచుగా కారణమవుతుంది. భారతీయ తాగునీటి ప్రమాణం ప్రకారం క్లోరైడు లీటరుకు 250 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం, ప్రత్యామ్నాయం లేనప్పుడు 1000 వరకు అనుమతి ఉన్నది. కోస్తా మండలాలలోని ఉప్పు బోరు నీళ్ళు చాలా చోట్ల ఈ పై హద్దుకు చేరువలోనో, దాటియో ఉంటాయి. అటువంటి నీటితో కడిగి, బోర్లించకుండా మూత పెట్టి ఉంచిన క్యాను అడుగున నీరు ఆవిరై ఉప్పు గాఢత పెరుగుతుంది. తాగడానికి పనికివచ్చే నీరు స్టీలుకు కూడా పనికివస్తుందనుకోవడం పొరపాటు. కొత్త పాల శీతలీకరణ కేంద్రానికి స్థలం చూసేటప్పుడే బోరు నీటి క్లోరైడు పరీక్ష చేయించాలి. 200 దాటినట్లయితే చివరి కడుగుకు శుద్ధి చేసిన నీటి ఏర్పాటు ఉండాలి.

మామిడి, టమాట గుజ్జులు

చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో తోతాపురి మామిడి గుజ్జు తయారీ పెద్ద పరిశ్రమ. మదనపల్లె చుట్టుపక్కల టమాట పంట విస్తారం. ఈ రెండు గుజ్జులూ పుల్లనివి. ఉప్పు మాత్రం సహజంగా తక్కువ. వేడి చేసే దశలో కూడా 304ఎల్ సాధారణంగా తట్టుకుంటుంది. ఉప్పు కలిపే టమాట సాసు, కెచప్ వరుసలకు 316ఎల్ అవసరమవుతుంది.

పొటాషియం మెటాబైసల్ఫైటు కలిపి గుజ్జును నిల్వ చేసే చోట మరొక జాగ్రత్త అవసరం. పుల్లని గుజ్జులో ఈ లవణం గంధక డయాక్సైడును విడుదల చేస్తుంది. ద్రవంలో కరిగి ఉన్నంత వరకు అది అంతగా హాని చేయదు. తొట్టి పైభాగంలో, గుజ్జుకు మూతకు మధ్య ఖాళీలో చేరి, అక్కడ గోడలపై పేరుకున్న తేమలో కరిగి 304 లోహాన్ని దెబ్బతీస్తుంది. ద్రాక్ష సారాయి పరిశ్రమలో ఇది చాలా కాలంగా తెలిసిన సంగతి. అందుకే అక్కడ తొట్టి కింది భాగం 304తోను, పై వలయం, మూత 316తోను చేయించే పద్ధతి ఉన్నది. మన గుజ్జు యూనిట్లు ఈ పద్ధతిని అనుసరిస్తే మొత్తం తొట్టిని 316తో చేయించే ఖర్చు తప్పుతుంది.

వేడి తొట్ల చుట్టూ వేసే ఉష్ణ నిరోధక పొర తడిస్తే ఆ నీటిలోని క్లోరైడు బయటి వైపు నుండి పగుళ్ళు తెస్తుంది. లోపలి పదార్థాన్ని బట్టి లోహాన్ని ఎంతో జాగ్రత్తగా ఎంచుకొని, బయట కారే పైపును పట్టించుకోని యూనిట్లకు ఇది అనుభవంలోకి వచ్చే విషయం.

నెయ్యి, గానుగ నూనెలు, తేనెకు 304 చాలు, 316 అనవసర వ్యయం. తేనె పుల్లనిదే అయినా అందులో క్లోరైడు స్వల్పం. పప్పులు, బియ్యం, పసుపు, మిరప పొడులకు 430 డబ్బాలు నిక్షేపంగా పనికివస్తాయి. ఉప్పుకు మాత్రం ఏ స్టీలు డబ్బా వద్దు. తేమ పీల్చిన ఉప్పు అడుగున గుంటలు తవ్వుతుంది.

బెల్లం పెనం ప్యాకేజీ కాకపోయినా రైతులు తరచుగా అడుగుతున్నందున ఒక మాట. 304 లోహం ఉష్ణ వాహకత మామూలు ఉక్కులో మూడో వంతు మాత్రమే, వేడికి వ్యాకోచం మాత్రం ఎక్కువ. బాగా మండే పొయ్యి మీద మంట తగిలిన చోట రసం మాడి, పెనం వంకర తిరగడానికి కారణం ఇదే. పలుచని రేకు కాక మందపాటి రేకు తీసుకోవడం, మంట ఒకచోట కేంద్రీకృతం కాకుండా పొయ్యిని కట్టడం ఇక్కడ లోహం రకం కంటె ముఖ్యం.

చవక రకాలు, అయస్కాంత పరీక్ష

నికెల్ ఖరీదైన లోహం. 2007 మే నెలలో అంతర్జాతీయ మార్కెట్లో దాని ధర టన్నుకు 50,000 డాలర్లు దాటింది. నికెల్‌కు బదులు మాంగనీసు, నత్రజని కలిపి ఆస్టెనైటిక్ నిర్మాణం సాధించే 200 శ్రేణి రకాలు మన దేశంలో విస్తరించడానికి ఇటువంటి ధరల ఒత్తిడే కారణం. 201 రకంలో నికెల్ 3.5 నుండి 5.5 శాతం, మాంగనీసు 5.5 నుండి 7.5 శాతం. 202లో నికెల్ 4 నుండి 6 శాతం, మాంగనీసు 7.5 నుండి 10 శాతం. ఇవి ప్రమాణాలలో చోటు చేసుకున్న గౌరవనీయమైన లోహాలే. పళ్ళాలకు, గ్లాసులకు, పొడి సరుకుల డబ్బాలకు వాడుతున్నారు.

చిక్కు వచ్చేది నికెల్‌ను ఒక శాతం దరిదాపులకు తగ్గించిన రకాలతో. మాంగనీసు ఆస్టెనైటిక్ నిర్మాణాన్ని నిలిపే శక్తి నికెల్ కంటె తక్కువ. క్రోమియం ఆ నిర్మాణానికి విరుద్ధంగా పనిచేస్తుంది. కనుక నికెల్ తగ్గించిన మేరకు నిర్మాణం నిలవాలంటే క్రోమియంను కూడా తగ్గించవలసి వస్తుంది. ధర కోసం నికెల్‌ను కోసినప్పుడు, తుప్పును ఆపే క్రోమియం కూడా దానితో పాటు పోతున్నదన్నమాట. ఇటువంటి రేకు కొత్తలో 304 వలెనే మెరుస్తుంది. ఉప్పు, పులుపు, క్లోరిన్ తగిలిన తరువాతే తేడా తెలుస్తుంది.

ఇక్కడ గ్రామాలలోను, దుకాణాలలోను ప్రచారంలో ఉన్న అయస్కాంత పరీక్ష సహాయపడకపోగా తప్పుదారి పట్టిస్తుంది. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని నమ్మిక. 200 శ్రేణి రకాలు ఆస్టెనైటిక్ నిర్మాణం గలవి కనుక వాటికీ అయస్కాంతం అంటుకోదు. నికెల్ తక్కువ గల రేకు ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. మరొక వైపు అసలైన 304 రేకును సాగదీసి లోతైన పాత్రగా చేసినప్పుడు, వంపుల వద్ద దాని నిర్మాణం కొంత మారి అయస్కాంతం స్వల్పంగా అంటుకుంటుంది. పొడి సరుకుకు తగిన 430 రకానికైతే గట్టిగానే అంటుకుంటుంది. అనగా ఈ పరీక్ష నాసిరకాన్ని ఆమోదించి, మంచి పాత్రను తిరస్కరించగలదు. 430ని మిగిలిన వాటి నుండి వేరు చేయడానికి తప్ప దీనిని వాడరాదు.

కొనుగోలు ఉత్తర్వులో ‘స్టీలు’ అనో, ‘ఫుడ్ గ్రేడ్’ అనో కాక రకం సంఖ్య, రేకు మందం, ఉపరితల నాణ్యత రాయించాలి. తయారీదారు నుండి మిల్లు పరీక్ష పత్రం తీసుకొని, అందులోని హీటు సంఖ్య రేకు మీద ముద్రించిన సంఖ్యతో సరిపోలుతున్నదో లేదో, రేకును కోయకముందే చూడాలి. తొట్టి తయారైన తరువాత ముద్ర కనబడదు. చేతితో పట్టుకొనే ఎక్స్ కిరణ పరికరంతో క్రోమియం, నికెల్, మాంగనీసు, మాలిబ్డినం శాతాలను పాత్రకు హాని లేకుండా నిమిషంలో తెలుసుకోవచ్చు. ఈ పరికరం కర్బనాన్ని కొలవలేదు. కనుక 304కు, 304ఎల్‌కు తేడా చెప్పలేదు. అందుకు స్పార్క్ వర్ణపట విశ్లేషణ అవసరం. మార్చి 2024లో వెలువడిన కేంద్ర ప్రభుత్వ నాణ్యత నియంత్రణ ఉత్తర్వుతో స్టెయిన్‌లెస్ స్టీలు వంటపాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. వాటికి వర్తించే ప్రమాణం ఐఎస్ 14756. స్థానికంగా వెల్డింగు చేయించే తొట్లను వంటపాత్రలుగా పరిగణించి ఆ గుర్తు మీద ఆధారపడడం కుదరదు. వాటి విషయంలో పత్రమూ, పరీక్షే ఆధారం.

వెల్డింగు, ఉపరితలం

సరైన రేకు తెచ్చినా వెల్డింగు వద్ద పాడు కావచ్చు. లోహం సుమారు 450 నుండి 850 డిగ్రీల మధ్య కొంతసేపు ఉన్నప్పుడు కర్బనం క్రోమియంతో కలిసి స్ఫటికాల సరిహద్దులలో కార్బైడుగా పేరుకుంటుంది. ఆ సరిహద్దుల పక్కన క్రోమియం కొరవడి, అతుకుకు ఇరువైపులా తుప్పు గీతలా సాగుతుంది. ఎల్ రకాలలో కర్బనం తక్కువ కనుక ఈ బెడద దాదాపు ఉండదు. వెల్డింగు చేసే తొట్టికి 304 అడగవలసిన చోట 304ఎల్ అడగడం వల్ల ధరలో పెద్ద తేడా రాదు. పూరక తీగ 304ఎల్‌కు 308ఎల్, 316ఎల్‌కు 316ఎల్ ఉండాలి.

అతుకు పక్కన కనిపించే నీలి, గోధుమ రంగుల మరకను అందం చెడగొట్టే మరకగా మాత్రమే చూడరాదు. అక్కడ రక్షక పొర దెబ్బతిని, దాని కింద క్రోమియం తగ్గి ఉంటుంది. వెల్డింగు సమయంలో లోపలి వైపు ఆర్గాన్ వాయువు నింపడం, తరువాత ఆమ్లలేపంతో ఆ మరకను తొలగించి నీటితో బాగా కడగడం అవసరం. మామూలు ఇనుము పని చేసే షెడ్డులోనే, అవే సానరాళ్ళతో స్టెయిన్‌లెస్ స్టీలు పని చేస్తే ఇనుప రేణువులు ఉపరితలంలో గుచ్చుకొని వారం తిరగకుండా ఎర్రటి చుక్కలు వేస్తాయి. చుక్కలు చూసి రేకు నకిలీదని తగాదా పడే సందర్భాలలో కొన్నిటికి అసలు కారణం ఇదే.

ఆహారం తాకే ఉపరితలం సగటు గరుకుదనం 0.8 మైక్రోమీటర్లకు మించరాదన్నది అంతర్జాతీయంగా అనుసరిస్తున్న నియమం. దానికంటె గరుకుగా ఉంటే సూక్ష్మజీవుల పొర పేరుకొని కడుగుకు లొంగదు. మలచిన మూలలు గుండ్రంగా ఉండాలి, పిడి లోపల బోలుగా ఉంటే అతుకు పూర్తిగా మూసి ఉండాలి, తొట్టి అడుగు వాలుగా ఉండి చివరి చుక్క వరకు ఖాళీ కావాలి. 304 తొట్టి అడుగున నిలిచిపోయే అర లీటరు ద్రవం, 316 కొనడం వల్ల వచ్చే లాభాన్ని మించిన నష్టం చేయగలదు.

ఆహారంలోకి దిగే లోహం

తుప్పు కనబడకపోయినా కొద్దిపాటి ఇనుము, క్రోమియం, నికెల్, మాంగనీసు ఆహారంలోకి దిగుతూనే ఉంటాయి. దిగే క్రోమియం ప్రధానంగా త్రిసంయోజక రూపంలోనిది, విషపూరితమైన షట్‌సంయోజక రూపం కాదు. నికెల్ విషయంలో జాగ్రత్త అవసరం. నికెల్ పడని వారిలో చర్మ వ్యాధి తిరగబెట్టవచ్చు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2020లో నికెల్ దైనందిన సహన పరిమితిని కిలో శరీర బరువుకు 13 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. 60 కిలోల వ్యక్తికి ఇది రోజుకు 780 మైక్రోగ్రాములు. ఐరోపా మండలి 2013 మార్గదర్శకంలో లోహ పాత్రల నుండి ఆహారంలోకి దిగే నికెల్‌కు కిలోకు 0.14 మిల్లీగ్రాములు, క్రోమియంకు 0.250, మాంగనీసుకు 1.8 హద్దులుగా ఉన్నాయి. తరువాతి కూర్పులో వీటిలో కొన్ని మారినందున ఎగుమతి కోసం పరీక్ష చేయించేవారు ప్రస్తుత అంకెలు చూసుకోవాలి. పుల్లని ఆహారానికి బదులుగా ఈ పరీక్షలో లీటరుకు 5 గ్రాముల సిట్రిక్ ఆమ్ల ద్రావణం వాడతారు. ఫ్రాన్సు వంటి దేశాలు ఆహారం తాకే స్టెయిన్‌లెస్ స్టీలులో కనీసం 13 శాతం క్రోమియం ఉండాలని విడిగా నియమం పెట్టాయి. మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల ప్యాకేజింగ్ నియమావళి, 2018 లోహ పాత్రలకు సంబంధిత భారతీయ ప్రమాణాలను సూచిస్తుంది.

విద్యార్థులు గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. కొత్త పాత్ర నుండి లోహం ఎక్కువగా దిగుతుంది, వాడకంతో తగ్గుతుంది. టమాట సాసును స్టెయిన్‌లెస్ స్టీలుతో వరుసగా ఉడికించి చూసి 2013లో ప్రచురించిన ఒక ప్రయోగంలో నికెల్, క్రోమియం దిగుబడి విడత విడతకూ తగ్గి, ఆరో విడత తరువాత నిలకడ పొందింది. కాని పూర్తిగా ఆగలేదు. కనుక కొత్త తొట్టిలో మొదట వేడి సిట్రిక్ ఆమ్ల ద్రావణాన్ని ఒకటి రెండు మార్లు తిప్పి పారబోసిన తరువాతనే గుజ్జు నింపడం మంచిది. రక్షక పొర గట్టిపడడానికి కూడా ఇది ఉపకరిస్తుంది.

కడిగే పద్ధతి

పాల పాత్రలకు 1 నుండి 1.5 శాతం కాస్టిక్ సోడా ద్రావణాన్ని 70 నుండి 75 డిగ్రీల వద్ద వాడి, నీటితో కడిగి, అవసరమైనప్పుడు 0.5 నుండి 1 శాతం నత్రికామ్లంతో పాలరాయిని తొలగించడం స్థిరపడిన పద్ధతి. నత్రికామ్లం స్టెయిన్‌లెస్ స్టీలుకు హాని చేయదు, పైగా పొరను బలపరుస్తుంది. అదే పనికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అనగా మరుగుదొడ్లు కడిగే ద్రవాలలో ఉండే ఆమ్లం వాడితే కొన్ని నిమిషాలలోనే నష్టం జరుగుతుంది. చవకగా దొరుకుతున్నదని కొన్ని యూనిట్లు దీనిని తెస్తున్నాయి. సందర్శనకు వెళ్ళినవారు ముందు కడిగే గదిలోని డబ్బాల మీది చీటీలు చదవాలి.

సూక్ష్మజీవులను చంపడానికి వాడే బ్లీచింగ్ ద్రావణం, సోడియం హైపోక్లోరైట్, క్లోరైడు కన్న మరింత దూకుడుగా గుంటలు పెడుతుంది. వాడక తప్పనప్పుడు చల్లని నీటిలో, లేబులుపై చెప్పిన తక్కువ గాఢతలో, పావుగంటకు మించకుండా ఉంచి వెంటనే మంచినీటితో కడగాలి. రాత్రి కలిపి ఉదయం పారబోసే అలవాటు మాన్పించాలి. వేడి నీరు లేదా ఆవిరి అందుబాటులో ఉన్న చోట దీని అవసరం ఉండదు. పెరాసిటిక్ ఆమ్లం కూడా ప్రత్యామ్నాయమే. ఇనుప పీచుతో తోమరాదు. తెగిన పీచు ముక్కలు లోహం మీద మిగిలి తుప్పు పడతాయి. నైలాను పీచు చాలు. పాత్రలను బోర్లించి, గాలి ఆడే చట్రం మీద ఆరనివ్వాలి. మూతను విడిగా ఉంచి, రబ్బరు వాషరును వారానికొకసారైనా తీసి దాని కింది గాడిని చూడాలి. సందు తుప్పు మొదలయ్యేది అక్కడే.